నలభై మీటర్ల నడక

వార్డులో అందరూ ఆమెను నడకల డాక్టరమ్మ అనేవారు. ఊపిరితిత్తికి ఆపరేషన్ చేసిన రెండో రోజునే, పక్కటెముకల సందులోంచి గొట్టం ఇంకా వేలాడుతుండగానే, ఆ గొట్టం చివరనున్న సీసాను చేతికిచ్చి మనిషిని మంచం దింపేస్తే ఇంకేమంటారు?

"అమ్మా, నిన్ననే కదా కోశారు నన్ను!" అని రోగి లబోదిబోమనేవాడు.

"కోసింది ఛాతీని. కాళ్ళను ముట్టుకోలేదుగా. దిగు" అనేది ఆమె.

సీసాలో సగం దాకా నీళ్ళుంటాయి. గొట్టం కొస ఆ నీళ్ళలో మునిగి ఉంటుంది. రోగి దగ్గినప్పుడల్లా ఛాతీలో చిక్కుకున్న గాలి గొట్టం వెంట దిగివచ్చి నీళ్ళలో బుడగలై పేలిపోతుంది. ఆ బుడగల చప్పుడును ఆమె ముప్ఫై ఏళ్ళుగా వింటోంది. వార్డులోకి అడుగు పెట్టగానే, మనిషి ముఖం చూడకముందే, చూపు సీసా మీదకు వెళ్ళేది. బుడగలు తగ్గాయంటే లోపల ముడుచుకున్న ఊపిరితిత్తి విచ్చుకుంటోందన్నమాట. అలా విచ్చుకోవడం ఆమె కళ్ళతో ఎప్పుడూ చూడలేదు. నీళ్ళు నిశ్చలం కావడాన్ని చూసి తెలుసుకునేది, అంతే.

ఆమె తండ్రి మోటారు మెకానిక్కు. ఆమెకు పదకొండేళ్ళప్పుడు ఆయన ఛాతీలో చీము పట్టి ఇలాంటి గొట్టంతోనే పద్దెనిమిది రోజులు మంచం మీదున్నాడు. "ఆ కిటికీ దాకా నడుస్తానండీ" అని రోజూ అడిగేవాడు. "కదిలితే ప్రమాదం" అని రోజూ అనేవారు. ఊపిరితిత్తి బాగయింది. కాళ్ళు మాత్రం సన్నబడిపోయాయి. ఇంటికొచ్చాక మళ్ళీ ఎప్పుడూ ఆయన బండి కిందకు దూరలేకపోయాడు. ఆ కిటికీ ఆమె మనసులో ఉండిపోయింది. సర్జన్ అయ్యాక ఆమె జీవితంలో అడిగిన ప్రశ్న ఒక్కటే: గొట్టంతో ఉన్న మనిషి రెండో రోజున ఎంత దూరం నడిస్తే, ఆ గొట్టాన్ని భయం లేకుండా ముందే తీసెయ్యొచ్చు?

ప్రశ్న చిన్నది. జవాబుకు ఆరేళ్ళు పట్టింది.

కొలవడానికి పరికరమేదీ ఇవ్వలేదు ఆసుపత్రి. అర్జీ పెడితే, నడకకు పరికరమెందుకని తిప్పి పంపారు. అప్పుడు దారి చూపింది పెద్ద సిస్టర్. ఆ వార్డు నర్సులందరికీ పెద్ద ఆవిడ, పొట్టి మనిషి, నడిచేటప్పుడు చెప్పుల చప్పుడుతోనే రోగులను నిద్ర లేపగలదు.

"నేలంతా టైల్సే కదమ్మా. ఎన్ని టైల్స్ దాటాడో నేను లెక్కపెడతాను. ఒక్క టైలు పొడవు మీరు కొలుచుకోండి. మిగతాది ఇంట్లో మాస్టారు ఉన్నారుగా."

మాస్టారంటే డాక్టరమ్మ భర్త. బడిలో లెక్కలు చెప్పేవాడు. టైలు కొలిస్తే ముప్ఫై సెంటీమీటర్లు వచ్చింది. మూడు వార్డుల ముందు నుంచి సాగే పొడవాటి నడవా అది. రోగి అలసిపోయిన చోట వెనక్కి తిరిగేవాడు. పెద్ద సిస్టర్ అతని పక్కనే, పెదవులు కదుపుతూ, ఒకటీ రెండూ అంటూ నడిచేది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే చెయ్యి అడ్డం పెట్టేది. తిరిగొచ్చి అట్ట వేసిన రిజిస్టరులో టైల్స్ సంఖ్య వేసేది. నెలకోసారి డాక్టరమ్మ ఆ సంఖ్యలను ఇంటికి పట్టుకెళ్ళేది. మాస్టారు భోజనాల బల్ల మీద వాటిని మీటర్లుగా మార్చేవాడు. ఆరేళ్ళలో నూట పన్నెండు మంది నడిచారు.

ఫలితం అందంగా వచ్చింది. రెండో రోజున నలభై మీటర్లు, ఆపైన నడిచినవాళ్ళకు సగటున నాలుగో రోజున గొట్టం తీయగలిగారు. అంతకన్నా తక్కువ నడిచినవాళ్ళకు ఏడో రోజు. మూడు రోజుల తేడా. డాక్టరమ్మ ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదువుకుందో ఆమెకే తెలియదు. మూడు రోజులంటే, కిటికీ వైపు చూస్తూ పడుకునే మనిషికి ఎంత కాలమో ఆమెకు తెలుసు.

నాలుగు పత్రికలు వ్యాసాన్ని తిప్పికొట్టాయి. ఐదోది, ఎవరూ పేరు వినని చిన్న పత్రిక, వేసుకుంది. ఆ తర్వాత పదకొండేళ్ళు గడిచాయి. బావిలో వేసిన రాయికి చప్పుడైనా వస్తుంది. ఆ వ్యాసానికి అదీ రాలేదు.

ఏటా సూపరింటెండెంటు ఒక పత్రం నింపమనేవాడు. అందులో ఒక గడి: మీ పరిశోధన ప్రభావం ఎంత? అంటే మిగతా పరిశోధకులు తమ వ్యాసాల్లో ఎన్నిసార్లు ప్రస్తావించారని. ఆమె ఏటా అక్కడ ఐదు అని వేసేది. ఆ ఐదింటిలో రెండు ఆమె తన తర్వాతి వ్యాసాల్లో తానే ప్రస్తావించుకున్నవి.

"ఇంకాస్త పెరగాలి డాక్టరుగారూ" అనేవాడు సూపరింటెండెంటు, ఎదగని పిల్లవాడి ఎత్తు గురించి మాట్లాడుతున్నట్టు.

"ఏం తినిపించమంటారు సార్ దానికి?" అనేది ఆమె.

ఎక్కడో ఎవరో చదవలేదంటే సరే అనుకోవచ్చు. పక్క వార్డు సర్జన్ కూడా తన రోగులను ఏడు రోజులూ పడుకోబెట్టేవాడు. "మీ వ్యాసం చదివానండీ, చాలా బాగుంది. కానీ ఈ నడకలూ అవీ మనకెందుకు చెప్పండి" అని నవ్వేవాడు. ఆ నవ్వుకు ఆమెకు ఒళ్ళు మండేది. ఇంటికొచ్చి గిన్నెలు గట్టిగా పెట్టేది. మాస్టారు వంటింటి గడప దగ్గర నిలబడి, "ఇవాళ కూడా చదివి బాగుందన్నాడా?" అని అడిగేవాడు.

పదవీ విరమణకు మూడేళ్ళుందనగా ఫోన్ వచ్చింది. ఛాతీ ఆపరేషన్ల తర్వాత దేశమంతటా వైద్యులు ఏం చెయ్యాలో చెప్పే సూచనల పుస్తకాన్ని తిరగరాస్తున్నారట. ఫోన్ చేసింది ఆ పని చూస్తున్న వైద్యుల సంఘం కార్యదర్శి, ఒక మహిళ. గొంతు గబగబా ఉంది.

"మీ నలభై మీటర్ల వ్యాసం మా కంట పడింది మేడమ్. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారండీ దీన్ని?"

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఒక వాక్యంగా చేర్చాలనుకుంటున్నాం. రెండో రోజున నలభై మీటర్లు నడవగలిగితే నాలుగో రోజున గొట్టం తీయవచ్చు, అని. అసలు రిజిస్టరు నకలు కావాలి. దూరం ఎలా కొలిచారో ఒక ఫోటో కూడా పంపండి. పది రోజుల్లో పంపెయ్యాలి మేడమ్, తర్వాత పుస్తకం అచ్చుకెళ్ళిపోతుంది."

ఒక వాక్యం. దేశంలో ఉన్న అన్ని వార్డుల్లోనూ, తనకు ముఖమే తెలియని మనుషులు సీసాలు పట్టుకుని మంచాలు దిగుతారు. ఆ సాయంత్రం ఆమె ఇంటికి నడిచే వెళ్ళింది. దారి పొడవునా కిటికీలన్నీ తెరిచే ఉన్నట్టనిపించింది.

మర్నాడు ఉదయం ఫోటో కోసం కొలత టేపు పట్టుకుని నడవాలో కూర్చుంది. పెద్ద సిస్టర్ టేపు రెండో కొస పట్టుకుంది. డాక్టరమ్మ ఫోన్ తెరిచి, టేపు మీది అంకె కనబడేలా వంగింది.

అరవై.

"సరిగ్గా పట్టుకోండి సిస్టర్. రెండు టైల్స్ మీద పెట్టారు."

"ఒక్కటేనమ్మా."

మళ్ళీ పెట్టారు. అరవై. పక్కది కొలిచారు. అరవై.

"వ్యాసంలో ముప్ఫై అని రాశాను సిస్టర్. నేనే స్వయంగా కొలిచాను."

"అప్పుడవి ఎర్రవి కదమ్మా. ఇవి కొత్తవి."

"కొత్తవంటే?"

పెద్ద సిస్టర్ ఆలోచించింది. "కొత్తవంటే... ఓ పద్నాలుగేళ్ళవుతుందేమో వేసి. అందరం కొత్త టైల్స్ అనే అంటున్నాం మరి."

డాక్టరమ్మ నేల మీదే కూర్చుండిపోయింది. "అప్పుడు మన లెక్క నడుస్తోందా?"

"నడుస్తూనే ఉంది. మధ్యలో తొమ్మిది రోజులు మాత్రం ఎవర్నీ నడిపించలేదు, దుమ్మని."

"మరి నాకెందుకు చెప్పలేదు సిస్టర్?"

"చెప్పేదేముందమ్మా, మీరు రోజూ వాటి మీదే నడిచారు కదా!" అంది పెద్ద సిస్టర్. తర్వాత ఆమె ముఖం మెల్లగా మారింది. "మీరు టైల్స్ లెక్కపెట్టమన్నారు. నేను టైల్స్ లెక్కపెట్టాను. ఒక్కటి కూడా తప్పు పెట్టలేదమ్మా."

అది నిజం. ఒక్కటి కూడా తప్పులేదు. ముప్ఫై ఏళ్ళుగా సీసాల వంకే చూస్తూ నడిచిన మనిషి కాళ్ళ కింద నేల ఎరుపు నుంచి తెలుపుకు మారింది. ఆమెకు తెలియలేదు.

నడవా మూలన దుప్పట్లు పెట్టే బీరువాను ఇద్దరూ కలిసి పక్కకు జరిపారు. దాని కింద, పనివాళ్ళు కదపడానికి బద్ధకించిన చోట, నాలుగు ఎర్ర టైల్స్ మిగిలున్నాయి. కొలిస్తే ముప్ఫై.

రిజిస్టరు తీశారు. తేదీలు మాత్రమే వేసిన తొమ్మిది ఖాళీ గడులు దొరికాయి. వాటి పక్కన పెద్ద సిస్టర్ గుండ్రటి చేతిరాతతో ఒకే మాట: దుమ్ము. అది అరవై ఒకటో రోగికీ అరవై రెండో రోగికీ మధ్య. అంటే ఆ తర్వాతి యాభై ఒక్క మంది, తాము నడిచినట్టు రాసినదానికి రెట్టింపు నడిచారు.

ఇంట్లో ఆమె మాట పూర్తిచేయకముందే మాస్టారు లేచి అటక మీది పెట్టె దించాడు. పాత లెక్కల కాగితాలు తీసి, ఒక పేజీని ఆమె ముందు పెట్టాడు. అరవై రెండో వరుస పక్కన పెన్సిలుతో ఆయన వేసిన ప్రశ్నార్థకం. దాని పక్కనే ఆమె చేతిరాతతో ఒక మాట: చలి.

"ఇక్కణ్నుంచి అందరూ సగమే నడుస్తున్నారేంటని అడిగాను నేను."

"చలికాలం కదా, ఊపిరితిత్తుల వాళ్ళు నడవరు అన్నాను."

"ఆ చలి మూడేళ్ళు పట్టిందేవిటోయ్?"

"అప్పుడే అడగొచ్చుగా ఈ మాట!"

"డాక్టరు నువ్వా నేనా?" అన్నాడాయన కోపంగా. వెంటనే ఆమె ముఖం చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని, "ఒకటడుగుతాను, తిట్టకు. రోగి నడిస్తే మంచిదా కాదా?"

"మంచిదే."

"మరింకేం. రిజిస్టరు నకలు పంపెయ్. ఫోటో ఆ బీరువా కింది టైలుది పంపెయ్. అబద్ధం కాదుగా, అదీ ఆ నడవాదే."

 ఆమె కాగితం మీద నలభై అన్న అంకె కింద గీత గీసింది.

"ఈ నలభై నడిచినవాళ్ళలో సగం మందికి అది ఎనభై అండీ. ఎనభై మీటర్లు నడిచేవాడు ఎలాగూ తొందరగా కోలుకుంటాడు. వాణ్ని చూసి ఎక్కడో ఎవరో, నిజంగా నలభయ్యే నడిచినవాడికి గొట్టం లాగేస్తారు. వాడి ఊపిరితిత్తి మళ్ళీ ముడుచుకుపోతుంది. పుస్తకంలో రాసుందిగా అంటారు. ఆ రాసింది నేను."

 మాస్టారు పెన్సిలు చెక్కుకుని, మొదటి వరుస నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.

నాలుగు రోజులు పట్టింది. కొత్త లెక్కలో నలభై చాలలేదు, అరవై మీటర్లు దాటాలి. అప్పుడు కూడా తేడా మూడు రోజులు కాదు, రోజున్నర. మాస్టారు ఆ అంకెను కాగితం చివర రాసి, మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు, కాసేపైనా ఆమెకు కనబడకూడదన్నట్టు.

ఆమె అన్నీ పంపింది. రిజిస్టరు నకలు, రెండు రంగుల టైల్స్ ఫోటోలు, తొమ్మిది ఖాళీ గడులు, కొత్త లెక్క. పంపిన మర్నాడే కార్యదర్శి ఫోన్ చేసింది.

"ఇదేంటి మేడమ్! అంతా సిద్ధమైపోయాక ఇలా చేశారు!"

"నేనేం చేశానమ్మా, ఉన్నది ఉన్నట్టు పంపాను."

"తెలుసు మేడమ్, మీరు చేసింది సరైనదే. కానీ ఇలా సగంలో కొలత మారిన అధ్యయనాన్ని సంఘం ఒప్పుకోదు. అరవై అని రాయమన్నా రాయరు. మళ్ళీ మొదట్నుంచి చేసినది కావాలంటారు."

"మళ్ళీ ఎప్పుడు తిరగరాస్తారు పుస్తకాన్ని?"

"ఐదేళ్ళకు."

ఆమె మూడేళ్ళలో ఇంటికి వెళ్ళిపోతుంది. ఆ మాట ఫోన్‌లో చెప్పి ఏం లాభమని ఊరుకుంది.

పుస్తకం వచ్చింది. గొట్టాల అధ్యాయం పదహారు పేజీలు. డాక్టరమ్మ దాన్ని ఔట్ పేషెంట్ గదిలో, ఇద్దరు రోగుల మధ్య దొరికిన ఖాళీలో, నిలబడే చదివింది. నడక గురించి ఒక్క వాక్యముంది: రోగిని వీలైనంత త్వరగా నడిపించడం మంచిదని కొందరి అభిప్రాయం. ఆ కొందరిలో తాను ఎక్కడుందో వెతకడానికి అడుగున చిన్న అక్షరాలు కూడా లేవు. పుస్తకాన్ని బల్ల సొరుగులో పెట్టి, సొరుగు పట్టేస్తే కాలితో మూసింది.

చిన్న పత్రిక ఆమె పంపిన సవరణను సగం పేజీ వేసింది. ఏడాది తిరిగింది. సూపరింటెండెంటు పత్రం మళ్ళీ వచ్చింది. అలవాటుగా ఐదు అని వెయ్యబోతూ, ఎందుకో ఒకసారి కంప్యూటర్లో చూసింది. పన్నెండు.

ఏడు కొత్తవి. ఒక్కొక్కటే తెరిచింది. ఊపిరితిత్తుల గురించినది ఒక్కటీ లేదు. కొలతల్లో పొరపాట్లు ఎలా జరుగుతాయో విద్యార్థులకు నేర్పే వ్యాసాలవి. ఒకదానిలో ఆమె నడవా పటం గీశారు. సగం ఎరుపు, సగం తెలుపు.

"చూశారా, చెప్పానా!" అని సూపరింటెండెంటు కుర్చీలోంచి లేచి మరీ చెయ్యి కలిపాడు. "రెట్టింపు దాటింది. అభినందనలు డాక్టరుగారూ. ఏం చేశారు?"

"తప్పు చేశాను సార్."

ఆయన అది హాస్యమనుకుని గట్టిగా నవ్వాడు. ఆమె బయటికొచ్చి నడవాలో ఆగింది. నవ్వు తలుపు వెనక ఇంకా వినబడుతోంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి ఏడుపువి కావు. ఒక మనిషి అక్కడ సీసా పట్టుకుని వస్తుంటే పక్కకు తప్పుకుంది.

ఆ ఆదివారం మాస్టారు పెయింటు డబ్బా, కుంచె, ఇనుప టేపు తెచ్చాడు. సెలవైనా పెద్ద సిస్టర్ వచ్చింది. ముగ్గురూ మోకాళ్ళ మీద కూర్చుని నడవా గోడ అడుగున మీటరుకొక గీత చొప్పున అరవై గీతలు గీశారు. గోడకు గీస్తే నేల ఎన్నిసార్లు మార్చినా పోవు. మాస్టారు ఒక్కో కొలతనూ రెండుసార్లు చూశాడు, పెద్ద సిస్టర్ మూడోసారి చూసింది.

"సున్నం వేసేవాళ్ళొచ్చి కప్పేస్తే?" అంది పెద్ద సిస్టర్.

"అప్పుడు చెప్పండి నాకు. దయచేసి చెప్పండి" అంది డాక్టరమ్మ.

"చలి అని రాసుకోదులే ఈసారి" అన్నాడు మాస్టారు. ముగ్గురిలో ఆయనొక్కడే నవ్వాడు.

కొత్త రిజిస్టరుకు అట్ట వేశారు. మొదటిసారి నూట పన్నెండు మందికి ఆరేళ్ళు పట్టింది. మిగిలిన రెండేళ్ళలో ముప్ఫై ఏడు మంది వస్తే గొప్ప. ఆ లెక్కను మాస్టారు చెయ్యకుండానే ఆమె చేసేసుకుంది.

మొదటి రోగి ఒక బస్సు కండక్టర్. కుడి ఊపిరితిత్తిలో ముక్క తీసేశారు. రెండో రోజు ఉదయం ఆమె సీసా తీసి అతని చేతికిచ్చింది.

"ఎక్కడిదాకా అమ్మా టికెట్?" అన్నాడు ఆయాసంతో.

"అరవయ్యో గీత దాకా."

"అంత దూరం బండి వెళ్ళదమ్మా. మధ్యలో దించెయ్యండి."

పెద్ద సిస్టర్ అతని పక్కన కదిలింది. డాక్టరమ్మ రెండడుగులు వెనక నడిచింది. సీసాలో బుడగలు లేచి పగిలాయి. అలవాటుకొద్దీ ఆమె చూపు అటే పోయింది. దాన్ని బలవంతంగా కిందకు, గోడ అడుగున ఉన్న గీతల మీదకు దించుకుంది. పద్నాలుగు. పదిహేను. కండక్టర్ గోడకు చెయ్యి ఆనించి, తల అడ్డంగా ఊపాడు.

"ఇంకొంచెం నాన్నా" అంది ఆమె. "చివర ఆ కిటికీ కనబడుతోందిగా."

"కనబడుతోందమ్మా. రానంటోంది."

ఇంకో మూడు గీతలు లాక్కెళ్ళాడు. అక్కడ గోడకు జారగిలబడి కూర్చున్నాడు. ఎంత చెప్పినా లేవలేదు. పెద్ద సిస్టర్ రిజిస్టరు తెరిచి మొదటి గడిలో వేసింది: పద్దెనిమిది. ఈసారి దాని పక్కన, ఎవరూ అడగకుండానే, మీటర్లు అని పూర్తిగా రాసింది. డాక్టరమ్మ వంగి అతని చేతిలోని సీసా అందుకుంది. అతను లేచేదాకా, దాన్ని పట్టుకుని అక్కడే నిలబడింది.